వంతెన మీద భోజనం: రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌తో మా 14 నెలలు

డ్రైవర్ల విశ్రాంతి కూడా కలిపి కంప్యూటర్ వేసిన మొదటి రూట్ షీట్ ప్రింట్ తీసి మా టెక్కలి బండి డ్రైవర్ చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, షీట్ దూరంగా పట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. ఒక లైను మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"తల్లీ, ఒంటిగంటా పది నుంచి ఒంటిగంటా నలభై దాకా బ్రేకు అని రాసుంది. ఆ టయానికి బండి మడపాం బ్రిడ్జి మీద ఉంటాది. వంశధార సూసుకుంటా బువ్వ తినమంటారేటి?"

గోడౌన్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత సీట్లో కూర్చుని లెక్క చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. శ్రీకాకుళం వైపు ఆఖరి షాపు 12:58కి అయిపోతుంది. నరసన్నపేటలో మొదటి షాపుకి 1:55కి చేరాలి. మధ్యలో అరగంట విశ్రాంతి ఉంది. ఎక్కడ అని మ్యాపు పెద్దది చేసి చూస్తే, కాఫీ కప్పు బొమ్మ ఒకటి నది మధ్యలో తేలుతోంది.

ఈ రివ్యూ ఆ కాఫీ కప్పు గురించే. మిగతా ఫీచర్లన్నీ డెమోలో వాళ్ళే చూపిస్తారు. డ్రైవర్ ఎప్పుడు ఆగుతాడు, ఎక్కడ ఆగుతాడు అన్నది మాత్రం ఎవరూ చూపించరు. కొనేటప్పుడు నేనూ అడగలేదు.

సాఫ్ట్‌వేర్ పేరు రాయను. వాళ్ళ సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి 14 నెలలుగా నా ఫోన్లు విసుక్కోకుండా ఎత్తుతోంది. పేరు పెట్టి నాలుగు మాటలంటే అవి పోయి ఆ పిల్ల నెత్తిన పడతాయి. పైగా నేను డెమో చూసిన మరో రెండింట్లో కూడా బ్రేకుల సంగతి కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంది.

మాది శ్రీకాకుళంలో ఏజెన్సీ. బిస్కెట్లు, చాక్లెట్లు, సబ్బులు, నూనె ప్యాకెట్లు. మావగారు పెట్టింది. గోడౌన్ సింగుపురం వైపు. ఆరు బండ్లున్నాయి: మూడు ఏస్‌లు, రెండు బొలెరో పికప్‌లు, ఒక దోస్త్. వసూళ్ళు, కంపెనీల వాళ్ళతో గొడవలు మా ఆయన చూసుకుంటారు. పొద్దున్నే ఏ బండి ఎటు వెళ్ళాలి, ఎన్ని కార్టన్లు ఎక్కాలి అన్నది నా టేబుల్. మావగారి రోజుల్లో గోడ మీద నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో "సోమ - ఇచ్ఛాపురం, మంగళ - పాలకొండ" అని రాసి ఉండేది. ఏ షాపు ముందు, ఏది తర్వాత అన్నది డ్రైవర్ బుర్రలో ఉండేది. ఆ డ్రైవర్ పెళ్ళికో పేరంటానికో సెలవు పెడితే ఆ రూట్ కూడా సెలవు పెట్టినట్టే.

అందుకే కొన్నాం. బండికి నెలకి 850 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ.

మెచ్చుకోవలసింది ముందు చెప్పేస్తాను. షాపుల వరస వేయడంలో దీనికి వంక పెట్టలేం. పది షాపులుంటే వాటిని తిరగడానికి 36,28,800 వరసలున్నాయట. మా బండికి రోజుకి 25 నుంచి 30 షాపులు. ఎక్సెల్ ఎక్కించి బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో ఆరు బండ్లకీ షీట్లు వస్తాయి. బరువు మించదు, సాయంత్రం మూసేసే షాపు ముందుకొస్తుంది. కొత్త డ్రైవర్‌కి కూడా పాతవాడిలా దారి దొరుకుతుంది. డీజిల్ మాత్రం డెమోలో చెప్పినంత మిగల్లేదు. మా పాత డ్రైవర్లు అప్పటికే దగ్గరదారులు కనిపెట్టి పెట్టారు మరి.

మావాడు బీటెక్ చదువుతున్నాడు. వాడు చెప్పాడు, ఈ లెక్క ఇప్పటిది కాదు, 1959లో డాంట్జిగ్, రామ్సర్ అని ఇద్దరు పెట్రోలు లారీలు టెర్మినల్ నుంచి బంకులకి ఎలా వెళ్తే దూరం తగ్గుతుందో లెక్క కట్టారని. లారీ ఎంత మోస్తుంది, ఎంత దూరం అన్నవి అందులో ఉన్నాయట. "డ్రైవర్ భోజనం ఉందా?" అన్నాను. "అమ్మా, అది గణితం" అన్నాడు. మావాడికి ఇంకా ఆకలి విలువ తెలియదు, హాస్టల్లో టైముకి పెడతారు.

ఇక బ్రేకుల సంగతి. మొదట వాళ్ళు పెట్టించిన సెట్టింగ్‌లో మా ఆరు బండ్లకీ రోజంతా ఒక్క బ్రేక్ కూడా రాలేదు. పొద్దున ఏడున్నరకి బయల్దేరిన పలాస బండి షీట్‌లో సాయంత్రం ఆరు దాకా షాపు తర్వాత షాపు, షాపు తర్వాత షాపు. నేను కంగారుపడి ఫోన్ చేస్తే, "మేడం, మీ డ్రైవర్లకి బ్రేక్ అవసరం రావట్లేదు" అంది ఆ అమ్మాయి. అవసరం రాకపోవడం ఏమిటి!

తవ్వితే తేలింది ఇది. అందులో ముందే పోసి పెట్టిన మూస యూరప్ రూలుది. అక్కడ నాలుగున్నర గంటలు బండి నడిపితే 45 నిమిషాలు ఆపాలి. కావాలంటే 15 ఒకసారి, 30 ఒకసారి విడగొట్టుకోవచ్చు. హైవే మీద గంటల తరబడి స్టీరింగ్ వదలని పెద్ద లారీలకి ఆ లెక్క బాగానే ఉంటుంది. మా బండి రోజు మొత్తం మీద నడిచేది మూడున్నర, నాలుగు గంటలు. మిగతా టైమంతా కార్టన్లు దింపడం, బిల్లు చూపించడం, షాపు యజమాని డబ్బులు లెక్కపెట్టేదాకా నిలబడటం, పాత డ్యామేజీలు వెనక్కి ఎత్తుకోవడం. నడిపిన గంటలే పని అనుకునే సాఫ్ట్‌వేర్‌కి మా డ్రైవర్ రోజంతా సుఖంగా ఉన్నట్టే కనిపిస్తాడు. నలభై కార్టన్లు భుజం మీద మోసినవాడు దాని లెక్కలో కూర్చున్నవాడే.

మన దగ్గర 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఈ విషయంలో తెలివైనది. పని అయిదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని, రోజుకి పని ఎనిమిది గంటలు దాటకూడదని అందులో ఉంది. పని అంటే స్టీరింగ్ ఒక్కటే కాదు, సరుకు ఎక్కించడం, దించడం కూడా అందులో కలిపే లెక్క. ఆ చట్టాన్ని 2020లో చేసిన కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు, అది వేరే సంగతి. నాకు కొలబద్దగా ఆ పాత మాటే బాగుంది. "డ్రైవింగ్ గంటలు" అన్న చోట టిక్ తీసేసి "డ్యూటీ గంటలు" అని పెట్టాక షీట్‌లో బ్రేకులు రావడం మొదలైంది. ఆ టిక్ సెట్టింగుల్లో మూడు పేజీల లోపల ఉంది. కొనేవాళ్ళు మొదటిరోజే అది చూసుకోండి.

అలా వచ్చిన మొదటి బ్రేకే వంశధార మీద కాఫీ కప్పు.

అది ఎందుకలా చేస్తుందో సపోర్ట్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. షాపు అంటే దానికి ఒక చోటు, ఒక టైము. బ్రేక్ అంటే టైము మాత్రమే. అరగంట, పన్నెండున్నరకి రెండింటికి మధ్య ఎప్పుడైనా సరే. సాఫ్ట్‌వేర్ లోపల లెక్కలు కట్టే ఇంజిన్ ఆ అరగంటని తీసుకెళ్ళి రెండు షాపుల మధ్య ప్రయాణంలో ఎక్కడో ఒకచోట ఇరికిస్తుంది. ప్రయాణం అరగంట సాగినట్టు లెక్క. కిలోమీటరు కూడా పెరగదు, లెక్క అందంగా కుదురుతుంది. వంతెన మీద అవ్వనీ, టోల్ గేటు వరసలో అవ్వనీ, జీడితోటల మధ్య అవ్వనీ, దానికి ఒకటే.

దీనికి విరుగుడు మా పెద్ద డ్రైవరే ఒక ముక్కలో చెప్పాడు. "షాపులాగే దానికీ ఒక అడ్రసు ఎట్టేయండమ్మా, అప్పుడు ఎలగెల్లదో సూద్దాం." పెట్టాను. కస్టమర్ల లిస్టులో కొత్త కస్టమర్ పుట్టాడు. పేరు: అన్నం. సరుకు సున్నా, సర్వీస్ టైము 40 నిమిషాలు, రావలసిన వేళ 12:45 నుంచి 2:00. ఆరు బండ్లకి ఆరు అన్నాలు, ఏ అన్నం ఏ బండిదో కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో గుర్తు.

మర్నాడు షీట్లు వచ్చాయి. టెక్కలి బండి అన్నం కోటబొమ్మాళి దాటాక ఒక హోటల్ దగ్గర చక్కగా కూర్చుంది. నాకు ఎంత సంతోషం వేసిందో. అలాగే కిందికి వచ్చి చూస్తే, ఎరుపు అక్షరాల్లో "ఈరోజు డెలివరీ చేయలేని ఆర్డర్లు" అని ఒక డబ్బా. అందులో మూడు పేర్లు. అన్నం, అన్నం, అన్నం.

ఆరోజు ఆర్డర్లు ఎక్కువ. టైము చాలనప్పుడు ఇంజిన్ ఏదో ఒక స్టాప్ వదిలేస్తుంది. సరుకు సున్నా, బిల్లు సున్నా ఉన్న కస్టమర్ని వదిలేస్తే దానికి పోయేదేముంది? మూడు బండ్ల అన్నం ఎగ్గొట్టి మూడు షాపులకి సబ్బులు ఇప్పించింది. కంపెనీ టార్గెట్ రోజుల్లో మేం మనుషులం చేసేది కూడా సరిగ్గా అదే కాబట్టి దాన్ని తిట్టడానికి నోరు రాలేదు. ప్రయారిటీ అనే గడిలో అన్నానికి అందరికంటే పై అంకె వేశాక మళ్ళీ ఎప్పుడూ ఆ డబ్బాలోకి రాలేదు. ఇప్పుడు టైము చాలకపోతే సబ్బులే ఆగుతాయి. మా ఆయన మొదటి వారం గొణిగారు, తర్వాత మానేశారు.

ఇంకో తమాషా ఉంది. అన్నం కస్టమర్ కాబట్టి, డ్రైవర్ ఫోన్లో ఆ స్టాప్ ముగించాలంటే సరుకు అందినట్టు రుజువు అడుగుతుంది. సంతకమో, ఫోటోయో. "తినడానిక్కూడా సంతకమేటి మేడం, ఎవులు ఎడతారు?" అని కుర్రాళ్ళు ఫోన్ మీద ఫోన్. సరే ఫోటో కొట్టి పెట్టండి అన్నాను, విసుగులో. ఆరోజు నుంచి మధ్యాహ్నం పూట నా కంప్యూటర్‌కి కంచాల ఫోటోలు రావడం మొదలైంది. పప్పూ చారూ. అరటాకు మీద గుడ్డుకూర. క్యారేజీ మూతలో ఎండుచేపల పులుసు. ఇచ్ఛాపురం బండివాడు తినే ముందు కొట్టడు, తిన్నాక ఖాళీ కంచం పంపిస్తాడు. మే నెలలో పాతపట్నం బండి నుంచి వరసగా చోడి (రాగి) అంబలి సీసా. అన్నం వద్దనిపించే ఎండలవి.

ఆ ఫోటోలు చూశాకే నాకు ఒకటి అర్థమైంది. నేను ఇచ్చిన అడ్రసు ఒకటి, ఫోటోలో వెనక కనిపించే చోటు ఇంకొకటి. సగం మంది నేను పెట్టిన హోటల్లో తినడం లేదు. అడిగితే ముక్తసరిగా "అక్కడ బాగోదు మేడం" అంటారు, అంతకుమించి చెప్పరు. దాంతో జూన్‌లో ఆరు రోజులు ఆరు బండ్లలో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని వెళ్ళాను. ఈ 14 నెలల్లో నేను చేసిన పనికొచ్చే పని ఏదైనా ఉందంటే అదే.

నేను పెట్టిన హోటళ్ళన్నీ గూగుల్లో నక్షత్రాలు చూసి పెట్టినవి. డ్రైవర్ చూసేవి వేరు. తింటూ తలెత్తితే బండి కనబడాలి, ఎందుకంటే వెనక సరుకుంది, సీటు కింద వసూలు డబ్బుల సంచి ఉంది. బండి వెనక్కి తీయకుండా నేరుగా బయటికి రావాలి. మొహం కడుక్కోవడానికి నీళ్ళుండాలి, పాయిఖానా ఉండాలి. రెండోసారి అన్నం అడిగితే వడ్డించేవాడు మొహం మాడ్చకూడదు. తిన్నాక పది నిమిషాలు నడుం వాలిస్తే లేపకూడదు. క్యారేజీ తెచ్చుకునే వాళ్ళకి అసలు హోటలే అక్కర్లేదు, చెట్టూ బోరింగూ చాలు. రాజాం బండి డ్రైవర్ ఇల్లు పొందూరు దగ్గరే. ఆయన బ్రేక్ ఆయన ఇంటి గుమ్మం మీద పెట్టాను. ఇప్పుడు వేడన్నం తింటున్నాడు, 40 నిమిషాలూ పట్టడం లేదు.

హైవే సంగతి కూడా ఆ ఆరు రోజుల్లోనే తెలిసింది. పదహారో నంబరు హైవే మీద అటుపక్క హోటల్ అంటే వేరే ఊరి కిందే లెక్క. ఎదురుగా బోర్డు కనిపిస్తుంటుంది, మధ్యలో డివైడర్. కిందినుంచి దారి ఎక్కడుందో అక్కడిదాకా వెళ్ళి తిరిగి రావాలి, మళ్ళీ అలాగే వెనక్కి. పావుగంట రోడ్డుకే పోతుంది, తినే టైములోంచే కోత. సాఫ్ట్‌వేర్‌లో "ఎడమ పక్క మాత్రమే" అని స్టాప్‌కి పెట్టుకునే ఏర్పాటు ఉంది. షాపులకి వాడేవాళ్ళం, అన్నానికి పెట్టాలని తట్టలేదు. ఇప్పుడు ఒకే రూట్‌కి వెళ్ళేటప్పుడు తినే చోట్లు కొన్ని, వచ్చేటప్పుడు తినే చోట్లు కొన్ని విడివిడిగా రాసుకున్నాను. మొత్తం 19 చోట్లు తేలాయి.

ఆగస్టులో వచ్చిన అప్‌డేట్‌లో కంపెనీ వాళ్ళే బ్రేక్‌కి చోట్ల లిస్టు ఇచ్చుకునే సదుపాయం పెట్టారు. ఒక బండికి నాలుగైదు చోట్లిస్తే ఆరోజు షాపుల్ని బట్టి ఏది దారిలో పడితే అది ఇంజినే ఎంచుకుంటుంది. దీనికి మాత్రం చేతులెత్తి దండం పెడతాను. అన్నం అనే కస్టమర్‌కి విశ్రాంతి ఇచ్చేశాను. ఫోటోల అవసరం కూడా తీరిపోయింది, అయినా ముగ్గురు డ్రైవర్లు మానలేదు.

ఆ లిస్టులో ప్రతి చోటుకీ ఒక రిమార్క్ రాసుకోవచ్చు. నేను రాసే మొదటి మాట "నీడ". దీనికి కారణం ఉంది. కిందటి మేలో మా కుర్ర డ్రైవర్ కాశీబుగ్గలో బండి ఎండలో పెట్టి భోంచేశాడు. 40 నిమిషాలు. తర్వాతి షాపులో చాక్లెట్ కార్టన్ విప్పితే రేపర్లన్నీ మెత్తగా, వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. రెండు కార్టన్లు వెనక్కి. వాడిని తిట్టాను, పాపం. షీట్‌లో ఆ హోటల్ పెట్టింది నేనే కదా, చెట్టు ఉందో లేదో చూడకుండా. ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా చాక్లెట్ ఎక్కిన బండికి నీడ లేని చోట్లు తీసేసిన లిస్టు వేరే ఉంది.

షాపుల వేళలూ భోజనం వేళా ఒకదానికొకటి అతకడం నేను అనుకోకుండా కలిసొచ్చిన లాభం. మన చిన్న ఊళ్ళలో కిరాణా షాపులు చాలా వరకు ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా సగం తలుపేసి ఉంటాయి. యజమాని ఇంటికెళ్ళి కునుకు తీస్తాడు, కుర్రాడు సరుకు దించుకోడు, డబ్బులివ్వడు. ఇదివరకు మావాళ్ళు ఆ వేళకి మూసిన షాపుల ముందు ఖాళీగా నిలబడి, తెరిచిన వేళకి హోటల్లో కూర్చునేవాళ్ళు. షాపులకి నిజమైన వేళలు ఎక్కించి, బ్రేక్ వేళ దాని పక్కన పెట్టాక రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇచ్ఛాపురం రూట్ పోవడానికే దాదాపు 130 కిలోమీటర్లు. ఆ బండి రాత్రి తొమ్మిదిన్నరకి గోడౌన్ చేరేది. ఇప్పుడు ఎనిమిదికి అటూ ఇటూగా వచ్చేస్తోంది. కిలోమీటర్లేమీ తగ్గలేదు.

ఇప్పుడు తిట్లు.

ఇందులో బ్రేక్ బండిది, డ్రైవర్ది కాదు. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మా టెక్కలి బండి డ్రైవర్‌కి షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుంటాడు, పన్నెండూ ముప్పావుకల్లా తినాలి. ఆయన బండికి అలాగే పెట్టాను. అక్టోబరులో పాలకొండ బండివాడు సెలవు పెడితే ఈయన్ని ఆ బండి మీద పంపాను. పాలకొండ బండి బ్రేక్ ఒంటిగంటా నలభై అయిదుకి. షీట్‌లో ఏది రాసుంటే అది చేసే మనిషి. బూర్జ దగ్గర చేతులు వణికి బండి పక్కకి తీసేశాడట. హెల్పర్ కుర్రాడు గాభరాపడి నాకు ఫోన్ చేసేలోపే ఆయనే వెనక్కి వెళ్ళి, కార్టన్ విప్పి, బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తిని, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని లేచాడు. సాయంత్రం వచ్చి నా టేబుల్ మీద పది రూపాయల నాణెం పెట్టాడు. "స్టాకులో ఓ పేకెట్ తక్కువొస్తాది తల్లీ, ఇదిగో దాని డబ్బులు."

ఆ నాణెం నా సొరుగులో అలాగే ఉంది. గల్లాలో వేయడానికి చెయ్యి రాలేదు.

మర్నాడే కంపెనీకి రాశాను. బ్రేక్ వేళ డ్రైవర్ పేరుతో పాటు వెళ్ళాలి, బండి మారితే దానితో పాటే మారాలి అని. "నోట్ చేసుకున్నాం మేడం, రాబోయే వెర్షన్లలో ఉంటుంది" అన్నారు. రాబోతూనే ఉంది. అందాకా నేను రోజూ పొద్దున ఆరింటికి ఏ డ్రైవర్ ఏ బండి ఎక్కుతున్నాడో చూసుకుని చేత్తో బ్రేకులు మారుస్తున్నాను. రంజాన్ నెలలో మా పాతపట్నం డ్రైవర్‌కి మధ్యాహ్నం బ్రేక్ తీసేసి సాయంత్రం ఇఫ్తార్ వేళకి పెడతాను. అదీ చేతి పనే, అదీ రోజూ. శనివారం ఒక్కపొద్దు వాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి అన్నం హోటల్ కాదు, టిఫిన్ దొరికే చోటు కావాలి. ఇంత ఇంజిన్ ఉంది, ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకోలేదా అనిపిస్తుంది.

రెండోది రైల్వే గేటు. బండి పది నిమిషాలు కదలకుండా ఉంటే యాప్ తనంతట తనే "బ్రేక్ మొదలైంది" అని రాసేసుకుంటుంది. గేటు పడి రెండు రైళ్ళు వెళ్ళేదాకా ఇరవై నిమిషాలు ఎండలో ఉడికిపోయిన డ్రైవర్‌కి గేటు లేవగానే మెసేజ్: "మీ విరామం పూర్తయింది, తర్వాతి స్టాప్‌కి బయల్దేరండి." పైగా మధ్యాహ్నం షీట్‌లోంచి అన్నం ఎగిరిపోయింది, తినేశాడని లెక్క. మా కుర్ర డ్రైవర్ అయితే "నాను గేటు కాడ ఏటి తిన్నాను మేడం, గాలా?" అని అరిచాడు ఫోన్లో. ఈ ఆటోమేటిక్ గుర్తింపు ఆపేసుకోవచ్చు, ఆపేశాను. ఇప్పుడు డ్రైవరే "బ్రేక్" బటన్ నొక్కాలి, మళ్ళీ నొక్కి తీయాలి. రెండోసారి నొక్కడం మర్చిపోతారు, సాయంత్రం దాకా తింటూనే ఉన్నట్టు చూపిస్తుంది. గేటు కంటే ఇదే నయం.

టీ సంగతి దానికి నేర్పడం నా వల్ల కాలేదు. అన్నిటికంటే చిన్న బ్రేక్ 15 నిమిషాలు. మావాళ్ళ టీ ఏడు నిమిషాలు, రోజుకి మూడుసార్లు, అదీ ఎక్కువగా షాపు యజమాని ఇప్పించేదే. ప్రయాణాల టైములన్నీ వందకి పది చొప్పున పెంచేశాను. టీలు అందులో కలిసిపోయాయి.

విజయనగరంలో మా ఆడపడుచు వాళ్ళు మందుల స్టాకిస్టులు, నేను చెబితే వాళ్ళూ తీసుకున్నారు. నాలుగు బండ్లు, అంతా ఊళ్ళోనే, నెల్లిమర్ల, గజపతినగరం దాకా. వాళ్ళకి బ్రేకుల బాధే లేదు, మధ్యాహ్నం అందరూ గోడౌన్‌కి వచ్చి తింటారు. వాళ్ళ గొడవంతా పైడితల్లమ్మ సిరిమాను రోజున మూసేసే రోడ్లు. ఆ ఒక్కరోజుకీ కంప్యూటర్ కట్టేసి పాత పద్ధతిలో వెళ్తారు. మేం కూడా ఆదివారం అరసవల్లి వైపు ఉన్న షాపుల్ని సాయంత్రానికి నెట్టేస్తాం. అది ఇంజిన్ చెప్పింది కాదు, మావగారు చెప్పింది.

మెళియాపుట్టి దాటి కొండల వైపు సిగ్నల్ పోతుంది. యాప్ అప్పుడు ముందే దింపుకున్న షీట్ చూపిస్తుంది, కొత్త మార్పులు రావు. దాన్ని నేను తప్పుగా లెక్కపెట్టను.

అయిదింటికి మూడున్నర ఇస్తాను. ఆగస్టుకి ముందు రాసి ఉంటే రెండు. బ్రేక్ డ్రైవర్ పేరు మీదకి మారిన రోజున నాలుగున్నర చేస్తాను. రెండు బండ్ల వాళ్ళకి దండగ. అయిదారు బండ్లుండి, డ్రైవర్లు మారుతుండి, రూట్లు పొడుగైతే తీసుకోండి. తీసుకునే ముందు డెమో కుర్రాడిని ఒక్కటడగండి: "భోజనం స్టాప్ మ్యాపు మీద ఎక్కడ పడుతుందో చూపించు బాబూ." వాడు అరగంట గడి చూపిస్తే, చోటేది అని మళ్ళీ అడగండి.

మొన్న మంగళవారం టెక్కలి బండి నుంచి రెండూ నలభైకి ఒక ఫోటో వచ్చింది. పని ఎక్కువై ఆలస్యమయిందేమోనని గుండె ఝల్లుమంది, షుగర్ మనిషి కదా. చూస్తే అది ఆయన కంచం కాదు. ఆయన తినడం ఎప్పుడో అయిపోయింది. కొత్తగా చేరిన హెల్పర్ కుర్రాడు చింతచెట్టు కింద టార్పాలిన్ పరుచుకుని, బోర్లా పడి నిద్రపోతున్నాడు, పక్కన క్యారేజీ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. కింద ఆయన రాసిన మెసేజ్: "ఈ సెట్టు మన లిస్టులో నేదు తల్లీ. నీడుంది, బోరింగుంది. రాసుకోండి." లొకేషన్ కూడా పంపాడు. ఇరవయ్యో చోటు.